బాగా పెట్టు

‘బాగా’ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా కడప వైపు ఆ మాటకు హద్దూ అదుపూ లేదు. కూరలో కారం నోరు మండేట్టు వేస్తే బాగా వేశారంటారు. పిల్లవాడి వీపు వాచేట్టు కొడితే బాగా కొట్టాడంటారు. గ్రామఫోను ముందు కూర్చుని ‘బాగా పెట్టు’ అన్నారంటే, చక్కగా వినిపించేట్టు పెట్టమని కాదు, వీధి చివరిదాకా మోగేట్టు పెట్టమని. ఈ ఒక్క మాట మీద నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ పోట్లాడాను. ఎవరితో పోట్లాడినా ఓడిపోయింది నేనే.

ఆ గ్రామఫోను మా నాయనది. మూత తీసి, పక్కన పిడి తిప్పి కీ ఇస్తే పాడే నల్లపెట్టె. నాయన జమ్మలమడుగులో డ్రాయింగు మాస్టరు. బడి వదలగానే హార్మోనియం ముందు కూర్చునేవాడు. చుట్టుపక్కల ఎక్కడ నాటకం ఆడినా, పెద్దముడియం నుంచి కూడా, బండి కట్టుకొని వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఒకసారి ఆ నాటకాల్లో రాజవేషం కట్టే ఆయన మద్రాసులో రికార్డు ఇవ్వడానికి పోతూ నాయనను వెంట తీసుకుపోయాడు. ఆ రికార్డు మీద రాజుగారి పేరు బంగారు అక్షరాల్లో ఉంది. హార్మోనియం వాయించిన మనిషి పేరు లేదు.

కానీ రెండో వైపు పద్యంలో ఒకచోట రాజుగారు రాగం సాగదీసీ సాగదీసీ ఊపిరి అందక ఆగుతాడు. ఆ సందులో హార్మోనియం ఒక్కటే పలుకుతుంది. రెండు మూడు రెప్పపాట్ల సేపు, అంతే. రాగాన్ని కింద పడనివ్వకుండా అందుకుని, చిన్న మెలిక తిప్పి, మళ్ళీ పాడేవాడి చేతికి ఇస్తుంది. నా పెళ్ళికి ముందు ఏడాది నాయన పోయాడు. ఆయన వాయించినదాంట్లో ఈ లోకంలో మిగిలింది ఆ మెలిక ఒక్కటే.

మా ఇంట్లో ఆ రికార్డును ఎప్పుడూ ఇనుప సూదితో పెట్టలేదు. నాయనకు సూదులంటే గిట్టదు. ఎండాకాలంలో పెన్న ఒడ్డుకు పోయి తుమ్మముళ్ళు కోసుకొచ్చేవాడు. పొడుగ్గా, తెల్లగా ఉన్నవి ఏరి, మిద్దె మీద బాగా ఎండబెట్టి (చూశారా, నా నోట్లోంచి కూడా ఆ మాటే వస్తోంది), మొదలు కోసి, సూది బిగించేచోట ఆ ముల్లు బిగించేవాడు. ముల్లుతో పాట చిన్నగా వస్తుంది. కానీ తబలా మీద వేళ్ళు వేరు, అరచెయ్యి వేరు అని తెలుస్తుంది. హార్మోనియం తిత్తి గాలి పీల్చుకోవడం కూడా తెలుస్తుంది. మాది మట్టిమిద్దె. గదిలో ధాన్యం మూటలు, దండెం నిండా బట్టలు, మంచం మీద బొంతలు. పెట్టె కింద మడిచిన కంబళి. నాయన తలుపు దగ్గరగా వేసి, పెట్టెకు ఎదురుగోడకు ఆనుకొని కూర్చునేవాడు. మేము కూడా అక్కడే. ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు. పాట మా మధ్యలో కూర్చున్నట్టు ఉండేది.

నన్ను అత్తగారింటికి పంపేటప్పుడు అమ్మ ఆ పెట్టె, ఆ రికార్డు, రేకు డబ్బా నిండా ముళ్ళు నా చేతిలో పెట్టింది. మా అన్నకు పాటల మీద ధ్యాస లేదు, వాడి దగ్గర ఉంటే మూలన పడుతుందని ఆమె భయం.

“సూది పెట్టనియ్యొద్దు పాపా,” అంది. “మీ నాయన అరిగిపోతాడు.”

ఈ ఒక్క మాటనే పట్టుకొని నేను ప్రొద్దుటూరుకు వచ్చాను.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చింది. మా ఆయన ప్రొద్దుటూరులో ఆఫీసు గుమాస్తా. అత్తవాళ్ళది బండల ఇల్లు. కింద పాలిష్ పట్టిన నల్లబండ, పైన బండమిద్దె, గోడలకు సున్నం. నడవలో ఒక్క చాపముక్క ఉండనిచ్చేది కాదు మా అత్త. బండ అద్దంలా మెరుస్తుండాలి, అది ఆమె గొప్ప. ఆ నడవలో దగ్గితే గోడ కూడా దగ్గుతుంది. మాట పూర్తయ్యేలోపే గోడ అదే మాట మనకు తిప్పి చెబుతుంది.

వచ్చిన వారంలోనే మా ఆయన పెట్టె తెరిచాడు. నేను ముల్లు బిగిస్తుంటే అత్త గడప మీద కూర్చుని చూస్తోంది.

“ఏంది మే అది? ముల్లా?”

“అవునత్తా. మా నాయన దీంతోనే పెట్టేవాడు.”

“ముల్లు కాల్లో ఇరిగేది చూసినాం గానీ పాటలో ఇరిగేది ఈడే చూస్తాండా. మీ ఊర్లో సూదులు దొరకవా ఏంది?”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, కొత్త కోడలిని కదా. పాట మొదలైంది. ఆ బండల నడవలో ముల్లు పలికిన పాట చెదిరిపోయి, గోడగోడకూ తగిలి, నీళ్ళలో పడ్డట్టు వినిపించింది. నాకే గుర్తుపట్టబుద్ధి కాలేదు. మా ఆయన చెవి దగ్గర పెట్టి విని, “ఏమీ పలకడంలే. బాగా పెట్టు,” అన్నాడు. మర్నాడే బజారుకు పోయి లావు సూదుల డబ్బా తెచ్చాడు. సన్న సూది మెల్లగా పాడుతుంది, లావు సూది గట్టిగా అరుస్తుంది. మా ఇంట్లో ఎప్పుడూ లావుదే.

మా ఆయన చెడ్డవాడు కాదు, అది చెప్పాలి. పాటంటే ఆయనకూ ఇష్టమే. కానీ ఆ ఇష్టం చెవిలో లేదు, అరుగు మీద ఉంది. సాయంత్రం కాగానే పెట్టెను అరుగు మీదికి చేర్చి, మూతను వీధివైపు తిప్పేవాడు. తను వెనకవైపు కూర్చునేవాడు! పాట వీధికి, మూత వెనకభాగం మాకు. పోయేవాళ్ళు ఆగి, “ఏమప్పా, బాగా పలుకుతాంది,” అంటే ఆయన ముఖం వెలిగిపోయేది. ఒకసారి అడిగాను.

“మనం వినేదానికా, వాళ్ళు వినేదానికా?”

“పాటనేది పదిమందికి ఇనపడాల,” అన్నాడు. “ఒక్కదానివే ఇనేదానికి అదేమన్నా నీకొచ్చిన జాబా?”

లోపలికి పోయి గిన్నెలు చప్పుడయ్యేట్టు ఎత్తేశాను.

ఇక ఆ సూదుల సంగతి. రికార్డుకు ఒక వైపు అయ్యేసరికి సూది మొన అరుగుతుంది, తీసి పారేయాలి. మా ఆయనకు పారేయడమంటే ప్రాణం పోయినట్టు. అరిగిన సూదిని కత్తులు నూరే రాయి మీద నూరి మళ్ళీ బిగించేవాడు. నూరిన సూది అంచు కత్తిలా ఉంటుంది. రికార్డు మీద గీతను అది చదవదు, దున్నుతుంది. పాట పూర్తయ్యాక సూది చుట్టూ సన్నటి నల్లపొడి కనపడేది. అది దుమ్మని వాళ్ళ నమ్మకం. పాట అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరికీ ఎక్కలేదు.

నాయన రికార్డును మాత్రం నా ట్రంకుపెట్టెలో చీరల మధ్య పెట్టుకున్నాను. అయినా దాగలేదు. ఒకరోజు రాజుపాలెం నుంచి మా ఆయన చిన్నాయనలు వచ్చారు. నేను వంటింట్లో ఓళిగలకు పూర్ణం రుబ్బుతున్నాను. నడవలోంచి రాజుగారి గొంతు ఉరిమింది. రుబ్బురోలు వదిలి పూర్ణం చేతులతోనే పరుగెత్తాను. అప్పటికి రెండో వైపు నడుస్తోంది. రాజుగారు ఊపిరి కోసం ఆగాడు. ఆ సందులో నాయన మెలిక బండలకు తగిలి ముక్కలై వినిపించింది. సరిగ్గా అప్పుడే ఒక చిన్నమామ, “ఈడ ఆగిపోయిందేంది?” అన్నాడు.

ఆయనకు అది ఆగిపోవడం. నేను ఏడ్చినంత పని చేశాను. వాళ్ళు పోయాక ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాను.

“రికార్డు ఇనేదానికా, చీరల్లో మడిచి పెట్టుకునేదానికా?” అన్నాడు మా ఆయన.

ఆ మాట నాకు చాలాకాలం ముల్లులా గుచ్చుకుంది, ఎందుకంటే అందులో కొంచెం న్యాయం ఉంది. నేను కూడా దాన్ని వినడం లేదు. ఆ ఇంట్లో వినబుద్ధి కాదు, దాచబుద్ధి అవుతుంది.

ఆయుధపూజ నాడు మా అత్త కత్తిపీటకూ, రోకలికీ, మా ఆయన సైకిలుకూ బొట్లు పెడుతూ గ్రామఫోను దగ్గరికి కూడా వచ్చింది. సూది పట్టుకునే డబ్బీ ముందు గుండ్రటి అభ్రకం బిళ్ళ ఉంటుంది. పాటంతా ఆ బిళ్ళ అదురులోంచే వస్తుంది. అది అచ్చం నుదురులా కనిపించింది కాబోలు ఆమెకు. సరిగ్గా దాని నడిమధ్య ఇంత గంధం ముద్ద, దాని మీద కుంకుమ. ఎండి గట్టిపడింది. ఆ సాయంత్రం నుంచి ప్రతి పాటా ముక్కు పట్టుకుని పాడినట్టు ఉంది. నేను తడిబట్టతో తుడవబోతే, “పూజ చేసిన బొట్టు తుడుస్తావా మే?” అని అత్త కయ్యానికి వచ్చింది. మా ఆయన తీర్పు చెప్పాడు: గొంతు పోలేదు, కొంచెం తగ్గింది, కాబట్టి ఇంకా లావు సూది పెడితే సరి. ఆ మాట విని నవ్వాలో గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు. బొట్టు దానంతటది రాలిపోయేదాకా, అంటే ఉగాది దాకా, ప్రొద్దుటూరులో మా పెట్టె ముక్కుతోనే పాడింది.

మొదటి కాన్పుకు జమ్మలమడుగు పోయినప్పుడు అసలు దెబ్బ తగిలింది. ప్రొద్దుటూరులో మా పక్కింట్లో పరుపులు కుట్టే సాయెబు ఉండేవాడు. అందరం మామా అనేవాళ్ళం. వాళ్ళ కూతురి నిఖాకు పెట్టె అడిగితే మా ఆయన పెట్టెతో పాటు ఇంట్లో ఉన్న రికార్డులన్నీ ఇచ్చేశాడు. నా చీరల మధ్యలోది కూడా. పందిట్లో పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా, వచ్చిన ప్రతివాడూ బాగా పెట్టు బాగా పెట్టు అంటుంటే, నూరిన సూదులతో వాయించారు.

నేను బిడ్డతో తిరిగొచ్చి సంగతి తెలిసి, ముళ్ళ డబ్బా చేతపట్టుకొని నేరుగా పక్కింటికి పోయాను. పెట్టె దూది గదిలో ఉంది. నేల నుంచి పైకప్పుదాకా ఏకిన దూది, కుట్టిన పరుపులు, కుట్టని పరుపులు. సాయెబు మామ పాపం మంచిగానే పలకరించాడు.

“రా బేటీ. మీ పెట్టె బాగానే ఉండాది. ఈ గదిలో పెట్టొద్దు, ఈడ పాట సచ్చిపోతాది. బయటికి తీస్కపోదాం పా.”

నేను వినలేదు. ముల్లు బిగించి రెండో వైపు పెట్టాను. గరగరమనే గీతల కింద రాజుగారు మెల్లగా మొదలుపెట్టాడు. గోడ తిరిగి చెప్పలేదు. ఒక మాట ఒక్కసారే వినిపించింది. తబలా మీద వేళ్ళు తెలిశాయి. రాజుగారు ఆగాడు, గీతల అడుగున ఎక్కడో తిత్తి గాలి పీల్చింది, నాయన వచ్చాడు. సన్నగా, దూరంగా, సగం అరిగి. అయినా ఆయనే. పెళ్ళయినప్పటి నుంచీ నాకు వినపడనిది ఆ దూది మధ్యలో వినపడింది. పెట్టె మారలేదు, నేను మారలేదు, తప్పు ఆ బండల ఇంటిదని అప్పుడు అర్థమైంది. సాయెబు మామ మాత్రం జాలిగా చూస్తూ, “ఏం బేటీ, సచ్చిపోయింది కదా?” అన్నాడు.

ఇక నాకు ఒకటే పట్టుదల. పూర్తిగా అరిగిపోకముందు అమ్మకు ఒక్కసారి వినిపించాలి. నా పెళ్ళి తర్వాత ఆమె ఆ మెలిక వినలేదు. కాన్పుకు పోయినప్పుడు కూడా, “మీ నాయన బాగుండాడా?” అని అడిగింది, బతికున్న మనిషిని అడిగినట్టు. కానీ కూతురి అత్తగారింట్లో ఒక పూట కన్నా ఎక్కువ ఉండడం ఆమెకు నామోషీ. వచ్చినా ఆ బండల నడవలో ఏం వినిపిస్తాను?

ఇంతలో మా వీధికి కరెంటొచ్చింది, ఇంట్లోకి రేడియో వచ్చింది. గ్రామఫోనును అందరూ వదిలేశారు గానీ, గోల వదల్లేదు. మా ఆయనకు రేడియోలో నచ్చింది ఒకే ఒక గుండీ, అది తిప్పితే వార్తలు చదివే ఆయన కూడా కుండలోంచి మాట్లాడినట్టు గుమ్ గుమ్ అంటాడు. అత్త దాని ముఖానికి చిలకల ముసుగు కుట్టి కప్పింది, దుమ్ము పడకుండా. ముసుగు కప్పాక గొంతు నలిగింది. నలిగింది కాబట్టి ఆమే, “బాగా పెట్టబ్బీ, సరిగా ఇనపడ్లే,” అనేది. ముసుగు తీయమంటే తీయదు. నేను చెప్పడం మానుకున్నాను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొన్నేళ్ళకు మా ఆయనకు పులివెందులకు బదిలీ అయింది. అత్త బావగారి దగ్గర ఉండిపోయింది. రేడియో కూడా ఆమె దగ్గరే. తొండూరు దారిలో బస్సు ఎగిరెగిరి పడుతుంటే పెట్టె నా కాళ్ళ దగ్గర, రికార్డు ఒళ్ళో. ఆ దారిలో నేను చాలా సంతోషంగా ఉన్నాను. మొదటిసారి ఒక ఇల్లు నా చేతికి వచ్చింది.

అది కూడా బండల ఇల్లే. కానీ లోపల ఒక గదిని నేను పట్టుకున్నాను. కింద జంపఖానా, దాని మీద బొంత. గోడలకు మేకులు కొట్టి కంబళ్ళు, పాత పరుపులు. మూలల్లో బట్టల మూటలు. పెట్టెను గోడకు దూరంగా జరిపి, కింద కంబళి మడిచి పెట్టాను. ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన గడపలో నిలబడిపోయాడు.

“ఇది ఇల్లా, పరుపుల అంగడా?”

“కూర్చోండి. అక్కడ కాదు, ఎదురుగోడకు.”

కొత్త ముల్లు బిగించి వేరే పాట ఒకటి పెట్టాను. ఆయన ఎదురుగోడకు ఆనుకొని కూర్చున్నాడు. పూర్తయ్యాక, “ఇది మన దగ్గరుండిన రికార్డేనా?” అన్నాడు. ఇన్నేళ్ళకు ఆయన నోట వచ్చిన ఆ ఒక్క మాటకు కడుపు నిండింది. నాయన రికార్డు జోలికి మాత్రం పోలేదు. ఉన్న కొంచెమూ అమ్మకే.

అమ్మ వేసవిలో వచ్చింది. మా అన్న బస్సెక్కించి పంపాడు. బస్సు దగ్గర నేను, “ప్రయాణం ఎట్ల జరిగింది మా?” అని అడిగితే, “తిన్నా పాపా, చిత్రాన్నం తెచ్చుకున్నా,” అంది. రోడ్డు మీద గోల అనుకున్నాను. ఇంటికొచ్చి నీళ్ళిస్తూ ఒకటి అడిగితే ఇంకోటి చెప్పింది. బిడ్డ “అవ్వా” అని వెనక నుంచి పిలిస్తే తిరగలేదు. నాకు అప్పుడు తెలిసింది. ఈ సంగతి మా అన్న ఒక్క ముక్క చెప్పలేదు. వాడి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. దేవుడి మీద కూడా వచ్చింది. అన్నేళ్ళు గోడలతో, సూదులతో, గంధంతో, ముసుగులతో కొట్లాడి ఒక గది సిద్ధం చేస్తే, ఆ గదిలోకి వచ్చిన చెవులు ఇవి.

అన్నం తిన్నాక ఆమెను గదిలోకి తీసుకుపోయి ఎదురుగోడకు కూర్చోబెట్టాను. కంబళ్ళను చూసి మురిసిపోయింది. “మన మిద్దె మాదిరే ఉండాది,” అంది. నాయన కోసిన ముళ్ళలో మిగిలిన మంచిది ఒకటి ఏరి బిగించాను. రెండో వైపు. గీతలు ఇంకా పెరిగాయి, అయినా రాజుగారు పాడాడు. ఆగాడు. నాయన వచ్చాడు, దారమంత సన్నగా, కానీ మెలిక పూర్తిగా తిరిగింది. అమ్మ వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది.

“పెట్టినావా పాపా?”

“పెట్టినా మా! అయిపోయింది కూడా!”

“ఏం ఇనపడ్లే,” అంది. చెయ్యి చెవి వెనక పెట్టుకుంది. “బాగా పెట్టు.”

మా అమ్మ కూడా ఆ మాటే అంది. లేచి మా ఆయన దగ్గరికి పోయి చెయ్యి చాచాను. “సూదుల డబ్బా ఇయ్యండి. లావువి.”

ఆయన గదిలోకి తొంగిచూశాడు. “ఆ రికార్డుకా? వద్దు,” అన్నాడు. “అరిగిపోతాది. ఇంక ఉండేదే కొంచెం.”

ఆ మాట ఆయన నోట వినాలని నేను ఏళ్ళకేళ్ళు ఎదురుచూశాను. వినిపించిన రోజున దాంతో నాకు పని లేకపోయింది. డబ్బా లాక్కున్నాను. గోడల మీది కంబళ్ళు ఒక్కొక్కటీ పీకేశాను. కింది బొంత ఎత్తి బయట పడేశాను. బండ కనపడింది. పెట్టెను అమ్మ చెవి పక్కకు జరిపి, మూత ఆమె వైపు తిప్పి, లావు సూది బిగించి పెట్టాను.

ఇల్లు అదిరింది. రాజుగారు గోడగోడ నుంచీ అరిచాడు. వీధిలో పోయే ఎవరో కిటికీ దగ్గర ఆగారు. అమ్మ తల వంచి చెవి మూతకు ఆనించింది. రాజుగారు ఊపిరి కోసం ఆగాడు. నాకు ఆ సందులో గరగర తప్ప ఏమీ వినపడలేదు. అమ్మ చెయ్యి ఎత్తింది, మమ్మల్నందరినీ మాట్లాడొద్దన్నట్టు.

“అదో,” అంది.

మళ్ళీ పెట్టమంది. కొత్త సూదితో మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే చోట చెయ్యి ఎత్తింది. ఆ మధ్యాహ్నమంతా పెడుతూనే ఉన్నాను. రికార్డు మీద నల్లపొడి పేరుకుంటుంటే కొంగుతో తుడుస్తూ పెట్టాను. పోనుపోను రాజుగారి మాటలే తెలియడం మానేశాయి. మా ఆయన చూడలేక బయటికి పోయాడు. అమ్మ మాత్రం ప్రతిసారీ సరిగ్గా అక్కడే చెయ్యి ఎత్తింది, సరిగ్గా అంతసేపే ఉంచింది, మెలిక తిరిగి రాజుగారి చేతికి పోయేదాకా.

“శానా బాగా వాయిస్తాండాడు పాపా, మీ నాయన,” అంది.

నేను ఇంకో సూది బిగించాను.